పదహారు మీద కూసిన పిట్ట

కొన్నాళ్లుగా మా ఇంట్లో పిట్ట కూయడం లేదు. పంజరంలో పిట్ట కాదు, గ్రామఫోను రికార్డులో పిట్ట. నా దగ్గరున్న రికార్డులన్నిటిలోకీ పాతది, మా బాపు కాలం నాటిది ఒకటుంది. బాపు అంటే మా నాన్న. దాని అట్ట మీద నీలం సముద్రం, పొగలు కక్కే కొండ, కొబ్బరాకుల చాటు నుంచి తొంగిచూసే ఒక కొయ్య ముఖం. మొదటి వైపు చివరి పాటలో, డప్పులు సన్నగిల్లి గంటలు మొదలయ్యే చోట, సన్నగా ఒక పిట్ట కూస్తుంది. అది కూడా నిజం పిట్ట కాదు. ఎక్కడో దూరదేశంలో ఒక గదిలో నిలబడి ఎవరో మనిషి నోటితో చేసిన కూత. పొద్దున చాయ్ తాగాక ఆ పాట పెట్టుకోవడం నాకు అలవాటు. పూజ చేసుకునేవాళ్లు పూజ చేసుకుంటారు, నేను ఇది వింటాను. ఒకరోజు డప్పులు సన్నగిల్లాయి, గంటలు మోగాయి, పిట్ట రాలేదు. ధ్యాస ఎటో పోయి ఉంటుందిలే అనుకుని సూది వెనక్కి జరిపాను. మళ్లీ రాలేదు.

ముందు సూదిని అనుమానించాను. ముంబై వెళ్తున్న స్నేహితుడి చేత కొత్త సూది తెప్పించాను. రాలేదు. తర్వాత రికార్డును అనుమానించాను. దాని మీద మా బాపు ఒకప్పుడు మగ్గాల నూనె పోశాడు, ఆ సంగతి ముందు ముందు చెబుతాను. గిన్నెలు తోమే సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్షుతో కడిగి, నీడలో ఆరబెట్టి, మళ్లీ పెట్టాను. డప్పులు ఇంకా స్పష్టంగా వచ్చాయి గాని పిట్ట రాలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికెవడో. వినలేనివాడు ఏమంటాడో నాకు తెలిసొచ్చింది. మిగతా రికార్డుల్లో కూడా పైపైన ఈలలా సాగే ధ్వనులు పలచబడ్డాయని అప్పటికే గమనించాను. కానీ ఒక్కోదానికి ఒక్కో సాకు వెతుక్కున్నాను. ఒకటి అరిగిపోయిందన్నాను, ఒకటి ముద్రణే బాగాలేదన్నాను. ఇంట్లో లలితను పిలిచి, ఇదిగో ఇక్కడ పిట్ట వినబడుతోందా అని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. తేలిపోతుందనే అడగలేదు.

భయం ఎందుకో దాచుకోవడం దేనికి, చెప్పేస్తాను. మాది సాంచల కుటుంబం. సాంచలంటే కరెంటు మగ్గాలు. ఉత్తర తెలంగాణ నుంచి సూరత్‌కు వలస వచ్చిన పద్మశాలీల్లో మా బాపు ఒకడు. సాంచల మధ్య బతుకంతా నిలబడినవాడికి చెవులు నిలవవు. పెళ్లిళ్లలో బాపు పందిట్లో చివరి కుర్చీ వెతుక్కునేవాడు. అందరూ నవ్వాక నవ్వేవాడు. ఎవరేమన్నా తల ఊపేవాడు. ఒకసారి ఎవరో చావు కబురు చెబుతుంటే కూడా నవ్వుతూ తల ఊపాడు, అవ్వ పక్క నుంచి మోచేత్తో పొడిచింది. అవ్వ అంటే మా అమ్మ. నేనూ పెళ్లయ్యేదాకా అవే సాంచల మీద పనిచేశాను. తర్వాత రింగ్ రోడ్డులో ఒక చీరల దుకాణంలో కుదిరాను, చెవులు దక్కించుకుని బయటపడ్డాననే అనుకున్నాను. మొన్న మేనల్లుడి ఇంట్లో ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. అందరూ నవ్వాక నేనూ నవ్వాను. చూస్తే నేను కూర్చున్నది కూడా చివరి కుర్చీనే.

ఇంట్లో ఒక గది నిండా రికార్డులున్నాయి. చూడవచ్చినవాళ్లు త్యాగరాజ కీర్తనలో, పాత సినిమా పాటలో అనుకుంటారు. అవేమీ ఉండవు. పేరు లేని దీవుల సంగీతం ఉంటుంది: కప్పల బెకబెకలు, వెదురు గొట్టాలు, తడి చెక్క మీద కొట్టినట్టుండే వాద్యాలు. పెద్ద హోటళ్లలో సాయంత్రాలు మందు గ్లాసుల గలగల మధ్య వాయించే మెత్తటి సంగీతం ఉంటుంది. మనిషి చంద్రుడి మీదికి పోతాడని లోకమంతా ఊగిన కాలంలో, కరెంటు తీగలతో ఊయ్ ఊయ్ మని ఊళలు పెట్టించి చేసిన రాకెట్టు పాటలుంటాయి. ఆఫ్రికా నుంచి, ఇంగ్లండు నుంచి తిరిగొచ్చిన కుటుంబాల ఇళ్లు సూరత్‌లో ఎన్నో. ముసలివాళ్లు పోగానే వాళ్ల పెట్టెలు తాపీ నది పక్కన ఆదివారం పూట పరిచే పాత సామాన్ల బజారుకు చేరతాయి. అక్కడ సామాను పరిచే ఒక ముసలాయన నన్ను దూరం నుంచి చూడగానే "ఆవో మాస్టర్, తుమ్హారా జంగల్ ఆయా హై" అని కేకేసేవాడు, నీ అడవి వచ్చింది రమ్మని. ఆ సంగీతం కట్టినవాళ్లు ఆ దీవుల్ని చూసి ఉండరు. అలాంటి దీవి అసలు లేదు. అందుకే నాకది దగ్గరిదైంది. నేను పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లో. మా ఊరి చెరువు, మా ఊరి మామిళ్లు అని అవ్వా బాపూ చెప్పే ఊరు నాకు ఆ రికార్డు అట్ట మీది దీవి లాంటిదే. చూడకుండానే బెంగ పెట్టుకోవడం మాకు ఇంట్లోనే నేర్పారు.

చిన్నప్పుడు మేముండే గది కార్ఖానకు గోడ అవతలే. రాత్రీ పగలూ గోడ అదిరేది, గూట్లో గిన్నెలు వాటంతట అవే అంచుకు జరిగేవి, అవ్వ రోజుకోసారి వాటిని వెనక్కి నెట్టేది. ఆ మోతలో మేం హాయిగా నిద్రపోయేవాళ్లం. కరెంటు పోయి సాంచలు ఆగితేనే అవ్వ ఉలిక్కిపడి లేచి కూర్చునేది. బాపు పాళీ, అంటే షిఫ్టు, దిగి వచ్చేసరికి ఆయన వెంట మిషను నూనె వాసన, కొత్త దారం వాసన వచ్చేవి. చొక్కా విప్పి దులిపితే తెల్లటి నూగు గదంతా ఎగిరి, పొయ్యి పక్కన పచ్చిపులుసులో కూడా పడేది. రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుని, చెవి వెనక బీడీ తీసి, గుమ్మం దగ్గర కూర్చునేవాడు. అవ్వ ఆయన్ను ఎన్నడూ వెనక నుంచి పిలవలేదు. చేతిలో పని వదిలి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ తిరిగి ఆయన ముందుకు వచ్చి నిలబడేది. అప్పుడు మాట్లాడేది, అదీ గొంతు లేకుండా. సాంచల మధ్య అరిచినా ఎవరికీ వినబడదు గనక కార్ఖానలో అందరూ పెదవులు మాత్రం ఆడిస్తారు, ఎదుటివాడు పెదవులు చూసి అర్థం చేసుకుంటాడు. ఆ అలవాటే ఇళ్లకూ వచ్చింది. మా ఇంట్లో పెద్ద పెద్ద తగాదాలు కూడా చప్పుడు లేకుండా జరిగేవి. అక్కా నేనూ గోడవారన పడుకుని, వాళ్ల పెదవులు చూసి అన్నీ వినేవాళ్లం. మా కళ్లకు అడ్డంగా చెయ్యి పెడితే గాని వాళ్లకు రహస్యం ఉండేది కాదు.

అలాంటి ఇంటికి పాట వచ్చింది. కార్ఖాన సేఠ్ పాత ఇల్లు ఖాళీ చేస్తూ, తిరగని రికార్డు ప్లేయరు ఒకటి బాపు చేతిలో పెట్టి తీసుకుపొమ్మన్నాడట. దాని పళ్లెం మీద ఎవరో తీయడం మరిచిపోయిన ఒకే ఒక్క రికార్డు ఉంది, అదే ఈ పిట్ట రికార్డు. బాపు దాన్ని విప్పి, అరిగిన రబ్బరు చక్రం తీసేసి, సాంచ తోలు ముక్క కోసి అతికించి తిప్పాడు. ఇంట్లో రికార్డు అదొక్కటే కావడంతో ఏళ్ల తరబడి మేం విన్నది అదే. జొన్నరొట్టెలు కాలుతుంటే అదే, అవ్వ దారం కండెలు చుడుతుంటే అదే. ఆదివారం ఆదివారం బాపు సాంచను తుడిచినట్టే ఆ ప్లేయరు డబ్బాను తుడిచి, కీళ్లన్నిటికీ నూనె చుక్క పెట్టేవాడు. ఒక ఆదివారం కీళ్లతో ఆగలేదు. నూనె డబ్బా మూతి వంచి రికార్డు మీదే సన్నటి ధార పోశాడు.

"అయ్యో, పాటకు సుత నూనె పోస్తరా ఎవరన్న!" అని ఆ ఒక్కసారి అవ్వ గొంతెత్తి అరిచింది.

"తిరిగేదానికి చమురు వెట్టకుంటే అరుగుతదే. నీకేం దెల్సు" అన్నాడు బాపు, ఎంతో నిబ్బరంగా.

అవ్వ పాత చీర ముక్కతో తుడిచింది గాని, గదిలో ఎగిరే నూగంతా ఆ నూనెకు అంటుకుని, రికార్డు కొన్నాళ్లు చలికాలపు కుక్కపిల్లలా బొచ్చుతో తిరిగింది. మొన్నమొన్నటి దాకా దాన్ని వెలుగులో వంచితే ఒక పక్క నూనె మెరుపు కనిపించేది. నేను సబ్బునీళ్లతో కడిగింది ఆ మెరుపునే. పిట్ట దొరకలేదు సరికదా, బాపు గుర్తు ఒకటి పోగొట్టుకున్నానని ఆ రోజు అన్నం సయించలేదు.

ఆ ప్లేయరుకు పక్కన ఒక మీట ఉండేది. దాన్ని పదహారు, ముప్పై మూడు, నలభై ఐదు, డెబ్బై ఎనిమిది అనే అంకెల మీదికి జరపొచ్చు, అంకెను బట్టి రికార్డు తిరిగే వేగం మారుతుంది. మా రికార్డు తిరగాల్సింది ముప్పై మూడు మీద. బాపు మాత్రం ఎప్పుడూ పదహారు మీద పెట్టేవాడు. పాట సగం వేగంతో, ఎడ్లబండిలా ఈడ్చుకుంటూ నడిచేది. డప్పులు గొంతు బొంగురుపోయినట్టు మోగేవి, సన్నగా కూయాల్సిన పిట్ట గుడ్లగూబలా లావుగా, హూ... హూ... మనేది. బాపు కార్ఖానకు వెళ్లగానే మేం మీట ముప్పై మూడు మీదికి నెట్టి, అసలు పిట్టను రప్పించుకునేవాళ్లం. అక్క వాటికి పేర్లు కూడా పెట్టింది. లావుది బాపు పిట్ట, సన్నది మా పిట్ట. ఎప్పుడైనా మీట మార్చడం మరిచిపోయి ఆయన ఉండగానే ముప్పై మూడు మీద పాట నడిస్తే, బాపు పిట్ట చోటు దాకా ఓపిగ్గా కూర్చుని, అక్కడికి రాగానే మా ముఖాలు చూసేవాడు.

"పిట్టేదిరా? ఎల్లగొట్టిన్రా?" అనేవాడు.

మేం పడీ పడీ నవ్వేవాళ్లం. ఆయన కూడా, మేం నవ్వాక, నవ్వేవాడు. తర్వాత లేచి మీటను పదహారు మీదికి తెచ్చి, "గిట్లనే మంచిగుంటది, ముట్టకున్రి" అని మళ్లీ కూర్చునేవాడు. బాపుకు హాస్యం చేతనవునని చాలా ఏళ్లు కనబడినవాళ్లందరికీ ఈ ముచ్చటే చెప్పాను.

పిట్ట పోయిన ఈ రోజుల్లోనే అక్క ఫోన్ చేసింది. అక్క సూరత్ శివారు భేస్తాన్‌లో ఉంటుంది. బావ పోయాక ఒక్కతే ఆ ఇంట్లో నెట్టుకొచ్చింది. "తమ్మీ, ఇల్లు ఖాళీ చేస్తున్న. చిన్నోడు బార్డోలీకి రమ్మంటుండు, ఆడ షుగర్ మిల్లుల పక్కా నౌకరీ అయింది. మంచం కింద బాపు డబ్బా ఉన్నది. పాతసామాన్ల కబాడోడు అడిగిండు గని ఇయ్యబుద్ధిగాలే. జర వచ్చి తీస్కపో" అంది. ఇదంతా ఆమె చేత రెండోసారి చెప్పించుకున్నాను. లైను బాగాలేదన్నాను. లైనుకు ఏ రోగమూ లేదని నాకు తెలుసు.

వెళ్లేసరికి అక్క ఆ డబ్బాను అవ్వ చీరలో మూటగట్టి గుమ్మం దగ్గర పెట్టింది. ముడి విప్పగానే మిషను నూనె వాసన ముక్కుకు తగిలింది. ఇన్నేళ్లకు కూడా ఆ వాసన పోలేదు. పోయింది పిట్టేనా అనిపించి కళ్లు చెమర్చాయి. అక్క పక్కన కూర్చుంది.

"మీటను ముట్టకురా. బాపు ఎట్ల వెట్టి పోయిండో గట్లనే ఉన్నది."

"పదహారు మీదనేనా?"

"ఇంక దేని మీదుంటది! ఆఖర్ల ఇక్కడున్నప్పుడు రికార్డు నీ దగ్గరనే ఉండె గద, ఒక్కసారి తెచ్చి పెట్టిపోయినవ్ యాదికున్నదా? గప్పుడు సుత గదే పదహారు. మనం మాట్లాడేది ఏదీ ఇనబడకపోతుండె ఆయనకు. పిట్టొచ్చినకాడ మాత్రం నవ్విండు."

ఆ మాట నా చెవిన పడింది గాని మనసుకు ఎక్కలేదు. నా తలలో అప్పుడు ఒకటే లెక్క తిరుగుతోంది. ఈ ప్లేయరు వేరు, దీని సూది వేరు, దీని మీద పిట్ట కూస్తే చెవులకు ఏమీ కానట్టే. ఆటోలో డబ్బాను ఒళ్లో పెట్టుకుని, గుంతల్లో అదరకుండా రెండు చేతులా పట్టుకుని ఇల్లు చేరాను.

ఇంటికి రాగానే పెడదామంటే లలిత ఉంది. ఈ మధ్య ఆమెకు ఒక అలవాటైంది. ఉప్పు అయిపోయిందని చెప్పాలన్నా వంటింటి నుంచి నడిచి, నేను కూర్చున్న కుర్చీ ముందుకు వచ్చి చెబుతుంది. మోకాళ్ల నొప్పులతో ఎందుకు తిరుగుతావు, అక్కడి నుంచే చెప్పొచ్చు గదా అంటే నవ్వి ఊరుకుంటుంది. ఆమె సంచి తీసుకుని కూరగాయలకు దిగేదాకా ఆగాను. తలుపు మూసుకుంది. డబ్బాను బల్ల మీద పెట్టి ప్లగ్గు పెట్టాను. మోటారు కదిలినట్టు వేళ్లకు తెలిసింది గాని పళ్లెం కదల్లేదు. వేలితో తోస్తే బద్ధకంగా తిరగడం మొదలుపెట్టింది. బాపు అతికించిన తోలు ముక్క ఇంకా పనిచేస్తోంది. అక్క చెప్పినా వినకుండా, చిన్నప్పటి చెయ్యి ఊరుకోక, మీటను ముప్పై మూడు మీదికి నెట్టి చివరి పాట మీద సూది ఆనించాను. డప్పులు సన్నగిల్లాయి. గంటలు మోగాయి. గంటలు అయిపోయాయి, పాట కూడా అయిపోయింది, పిట్ట రాలేదు.

ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉందో చెప్పలేను. ఒకప్పుడు సాంచలు ఆగితే అవ్వ ఎందుకు ఉలిక్కిపడేదో అప్పుడు అర్థమైంది. తర్వాత, ఇక చేసేదేముంది, బాపు ఎలా పెట్టాడో అలాగే పెట్టి మూసేద్దామని మీటను పదహారు మీదికి తెచ్చాను. మూసే ముందు ఒక్కసారి విందామనిపించి సూది పెట్టాను. ఎడ్లబండి కదిలింది. డప్పులు ఒక్కొక్కటే పడుతున్నాయి. గంటలు కుండల మీద కొట్టినట్టు మోగాయి. అప్పుడు వచ్చింది. హూ... హూ... లావుగా, తీరిగ్గా, ఎక్కడికీ పోనట్టు.

నేను పెద్దగా నవ్వేశాను, చిన్నపిల్లాడిలా. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. పిట్ట రికార్డులోనే ఉంది. సూదికి ఏమీ కాలేదు, నూనె ఏమీ చేయలేదు. సన్నటి కూతను అందుకోలేని చెవికి, వేగం తగ్గి లావైన కూత అందింది, అంతే. బాపుకూ అంతే. "పిట్టేదిరా?" అన్నది హాస్యానికి కాదు, నిజంగానే అడిగాడు. మేం నవ్వితే తానూ నవ్వి, లేచి, తనకు వినబడే పిట్టను తాను తెచ్చుకున్నాడు. ఎంత ఒంటరిగా కూర్చున్నాడో మా మధ్యన! పిట్ట మళ్లీ కూసింది. బాపును తలుచుకుని, నన్ను తలుచుకుని, ఇద్దరికీ కలిపి ఏడ్చాను.

తలెత్తేసరికి గుమ్మంలో లలిత, చేతిలో కూరగాయల సంచి. తాళం ఎప్పుడు తీసిందో, ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియలేదు.

"ఏం పిట్టయ్యా గది? గింత మొద్దుగ కూస్తున్నది?"

"బాపు పిట్ట" అన్నాను. ఇక దాచడం నా వల్ల కాలేదు. రికార్డు తీసి, రోజూ వినే నా ప్లేయరు మీద పెట్టి, "ఇప్పుడు సన్నగ ఒక పిట్ట కూస్తది. ఇనబడంగనే చెయ్యెత్తు" అన్నాను. ఆమె సంచి కింద పెట్టి, గోడకు ఆనుకుని, బడిపిల్లలా నిలబడింది. డప్పులు సన్నగిల్లాయి. గంటలు మోగాయి. ఆ గంటల్లోకి నేను చెవులు, ప్రాణం అన్నీ పెట్టి వింటుండగా, లలిత చెయ్యి లేచింది. ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను.

"నాకు ఇనబడ్తలేదు లలితా."

"నాకు ఎర్కే."

"ఎప్పటిసంది?"

"వంటింట్లకెళ్లి పిలిస్తే పలుకుతలేవని నీ ముందటికి వచ్చుడు మొదలువెట్టినప్పటిసంది. నువ్వేమో నా మోకాళ్లు అనుకుంటున్నవ్."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు సూదులు మారుస్తుంటివి. మార్చుకోనీ అని ఊకున్న. శుక్రవారం చెవుల డాక్టరు దగ్గర నంబర్ వెట్టిన. మిషను వెట్టుమంటే వెట్టుకుంటవ్, అంతేగని గిట్ల తలుపులేసుకొని ఏడ్వద్దు."

డాక్టరు అనగానే మళ్లీ భయం పట్టుకుంది. మిషనుకు లొంగేంతేనా, చెవులు ఇంకా పోతాయా, బాపుకు చివరికి మిగిలినంతైనా నాకు మిగులుతుందా? అవన్నీ ఆమెను అడగాలనుకున్నాను. ఆమె సంచి అందుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగి, నా వైపు తిరిగి, "చాయ్ తాగుతవా?" అంది. లలితదీ సాంచల ఇల్లే.

"తాగుత. జర అల్లం వెయ్యి" అన్నాను.

ఆమె సంచి గుమ్మంలోనే పెట్టేసింది. కొంగుకు చేతులు తుడుచుకుంటూ తిరిగి నా ముందుకు వచ్చి నిలబడింది.

"మరి ఇంకేం భయమయ్యా?" అంది. "చాయ్ అడిగినప్పుడు నేను గొంతు తియ్యనే లేదు."